తేజఃకణ గణనమును విశేషపదార్థమును

పరమాణువను మాట వినఁబడినంతనే కణాదమహర్షిని స్మరించుట మన విద్వద్గోష్ఠులలో ఆచారమై యున్నది. పాఠశాలలలో పదార్థవిజ్ఞానము బోధించువారును, తర్కసంగ్రహము పాఠము చెప్పువారును ఈ విషయమున ఏకకంఠులు. పాశ్చాత్యులు ఇరువదవ శతాబ్దమున కనుఁగొన్న పరమాణుతత్త్వమంతయు వైశేషికమున మునుపే యున్నదని వాదించువారును కలరు. ఈ మాట యెంతవఱకు నిలుచునో తేల్చుటకు రెండు శాస్త్రములలోను పేరొకటి యగుట చాలదు. ఒకే ప్రశ్నకు రెండును సమాధానము చెప్పిన తావు కావలెను. అట్టి తావొకటి కలదు. సజాతీయములైన రెండు పరమకణములకు పరస్పరభేదము కలదా? కలదేని అది దేనిచేత సిద్ధించును? ఇదియే ఆ ప్రశ్న. దీనికి వైశేషికులు చెప్పిన సమాధానము విశేషపదార్థము. ఢక్కా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రోపన్యాసకుఁడుగ నుండిన సత్యేంద్రనాథ బోసు 1924వ సంవత్సరమున వెలుఁగును గూర్చి వ్రాసిన నాలుగు పుటల వ్యాసమునుండి వెలువడిన సమాధానము దానికి సరిగా విరుద్ధము. ఈ విరోధమును కప్పిపుచ్చుటవలన కణాదునికిని గౌరవము కలుగదు, బోసునకును గౌరవము కలుగదు.

మొదట వైశేషికుల పక్షము. వారి మతమున ద్రవ్యము, గుణము, కర్మము, సామాన్యము, విశేషము, సమవాయము అని పదార్థములాఱు. అభావము తరువాతివారిచే ఏడవదిగా చేర్పఁబడినది. ఈ దర్శనమునకు పేరు తెచ్చినది అయిదవదగు విశేషమే యని సంప్రదాయజ్ఞులందురు. దాని యవసరమిట్టిది. ఘటము వేఱు, పటము వేఱు అనుటకు వాని యాకారములే చాలును. ఒకే కుమ్మరి ఒకే సారెపై చేసిన రెండు ఘటములకు భేదము వాని యవయవములగు కపాలములు వేఱగుటచేత సిద్ధించును. కపాలములకు భేదము వాని యవయవములచేత. ఇట్లు దిగి దిగి పోఁగా త్ర్యణుకము, ద్వ్యణుకము దాటి పరమాణువు వచ్చును. దానికి అవయవములు లేవు. పాకముచేత రూపరసాదులుగూడ సమానములైన రెండు పార్థివపరమాణువులను తీసికొన్నచో, జాతియొకటి, గుణములొకటి, అవయవములు శూన్యము. ఇఁక అవి రెండనుటకు ఆధారమేమి? అందుచే ప్రతి నిత్యద్రవ్యమునందును దానికి మాత్రమే చెందిన విశేషమొకటి కలదనియు, ఆ విశేషము మఱొక భేదకముతో పనిలేక తన్నుతానే వేఱుచేసికొనుననియు వైశేషికులు అంగీకరించిరి. యోగులు పరమాణువులను చూచి ఇది వేఱు, అది వేఱు అని గ్రహించుటకును, కాలాంతరమున దేశాంతరమున ఒకదానిని మరల చూచి అదియే యిది యని గుర్తుపట్టుటకును ఈ విశేషమే హేతువని ప్రశస్తపాదుఁడు నిరూపించెను. ఆంధ్రుఁడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున విశేషములు అనంతములని చెప్పి బాలురకు నేర్పినది దీనినే.

ఈ పదార్థమును అందఱును ఒప్పుకొనలేదు. భాట్టమీమాంసకులు దీనిని స్వీకరింపరు. నవ్యనైయాయికులలో రఘునాథశిరోమణి దీనిని నిరాకరించెను. విశేషము తన్ను తానే వ్యావర్తింపఁజేసికొనఁగలిగినచో, పరమాణువే ఆ పని యేల చేసికొనరాదని అతని వాదసారము. ఇందు గమనింపవలసిన దొకటి కలదు. శిరోమణి తొలఁగించినది విశేషపదార్థమును మాత్రమే, పరమాణుభేదమును కాదు. ఒక పరమాణువు మఱొక పరమాణువుకన్న వేఱనుట, దానిని వేఱుగా వ్రేలు పెట్టి చూపుట తత్త్వతః సాధ్యమనుట, ఖండించినవారికిని మండించినవారికిని సమానమే. ఆ భేదమునే బోసు గణనము తాఁకినది.

ఇఁక వెలుఁగు సంగతి. కమ్మరి కొలిమిలో ఇనుపకడ్డి కాలునపుడు మొదట ఎఱ్ఱనై, పిదప పసుపువన్నెకు తిరిగి, వేఁడి మిక్కుటమైనకొలఁది తెలుపెక్కును. అన్నివైపుల మూసి సూదిబెజ్జమంత రంధ్రము విడిచిన కొలిమిలో నిండియుండు వెలుఁగు, ఆ కొలిమిగోడలు ఏ ద్రవ్యముతో చేయఁబడినవను దానిపై ఆధారపడక, ఉష్ణోగ్రతపై మాత్రమే ఆధారపడునని పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీదేశమునందు కిర్చాఫ్ నిర్ణయించెను. అట్లైనచో, ఏ ఉష్ణోగ్రతవద్ద ఏ వన్నె వెలుఁగులో ఎంత శక్తి యుండునో చెప్పు సూత్రమొకటి యుండవలెను. వెలుఁగు తరంగమే యను పాత సిద్ధాంతమును పట్టుకొని లెక్కించినచో, పౌనఃపున్యము హెచ్చినకొలఁది శక్తి యపరిమితముగ పెరిగిపోవును. చలికాఁచుకొనుటకు కొలిమి తలుపు తెఱచిన వాఁడు భస్మమై పోవలెను. లోకానుభవము అట్లు లేదు.

1900వ సంవత్సరము డిసెంబరు 14వ తేదిన బెర్లిను నగరమున జర్మను భౌతికశాస్త్రపరిషత్తు సభలో మాక్సు ప్లాంకు ఈ సూత్రమునకు ఉపపత్తి చదివెను. కొలిమిగోడలలో కంపించు కణములు శక్తిని ధారగా గ్రహింపక, పౌనఃపున్యమును ఒక స్థిరసంఖ్యచే గుణింపఁగా వచ్చు తునకలుగా గ్రహించునని ఆతని కల్పన. ఆ తునకకే క్వాంటమని పేరు వచ్చినది. ఆ స్థిరసంఖ్య నేఁటి లెక్కలో 6.62607015ను 10యొక్క 34వ ఘాతముచే భాగింపఁగా వచ్చినన్ని జౌలు-సెకనులు. 2019వ సంవత్సరమునుండి ఈ సంఖ్యను కొలిచి తెలిసికొనుట మాని, దీనినే ప్రమాణముగా స్థిరపఱచి కిలోగ్రామును దీనినుండి నిర్వచించుచున్నారు. ప్లాంకు ఇన్ని తునకలను ఇన్ని కంపకములకు ఎన్ని విధముల పంచవచ్చునని లెక్కించెను. లెక్కించునపుడు ఏ తునక యేదియని చూడక, ఏ కంపకమునకు ఎన్ని తునకలు వచ్చినవని మాత్రమే చూచెను. ఆ చూపులోనే తరువాతి కథ యంతయు నిక్షిప్తమై యున్నది. కాని తునకలు అతని మనస్సులో వస్తువులు కావు, శక్తిమానములు. తూములకొలఁది వడ్లు పంచునపుడు ఏ తూమని ఎవ్వఁడును అడుగఁడుగదా.

అయిదేండ్లకు, 1905వ సంవత్సరమున, అయిన్‌స్టయిను ఒక యడుగు ముందుకు వేసి, తునకలైనది గోడలు గ్రహించు శక్తి మాత్రము కాదు, వెలుఁగే తునకలుగా నున్నదని ప్రతిపాదించెను. అప్పుడు శక్తిమానము వస్తువైనది. వస్తువైనంతనే చిక్కు వచ్చినది. వెలుఁగుకణములు ఒకదానితో నొకటి సంబంధము లేని వేర్వేఱు వస్తువులే యైనచో, లెక్క ప్లాంకు సూత్రమునకు దారితీయదు. అంతకు ముందే వీను కనుఁగొన్న వేఱొక సూత్రమునకు దారితీయును. ఆ సూత్రము పౌనఃపున్యము హెచ్చుగా నున్నచోట సరిపోవును గాని, తగ్గినచోట ప్రయోగములతో సరిపోదు. కాఁబట్టి ప్లాంకు లెక్క సరియైనది, కాని దాని యర్థమెవరికిని తెలియదు. 1911వ సంవత్సరమున పోలెండు విద్వాంసుఁడు నాటన్సను, ప్లాంకు గణనమున తునకలను పరస్పరము గుర్తింపరానివిగా తీసికొన్నట్లు బయటపెట్టెను. 1914వ సంవత్సరమున హాలెండునందు ఎరెన్‌ఫెస్టు, కామర్లింగు ఓన్ను అను నిరువురు ఆ గణనమునకు సులభమైన ఉపపత్తి నొకదానిని ప్రకటించిరి.

ఆ యుపపత్తి మన పండితులకు క్రొత్త కాదు. తునకలను చుక్కలుగాను, గడులను వేఱుచేయు గోడలను నిలువుగీతలుగాను వ్రాసి, ఆ చుక్కలను గీతలను ఎన్ని విధముల వరుసపెట్టవచ్చునో లెక్కింపవలెను. చుక్కలన్నియు సమానములు, గీతలన్నియు సమానములు. భాస్కరాచార్యుఁడు లీలావతియందు అంకపాశప్రకరణమున తుల్యాంకములు కల సంఖ్యలభేదములను లెక్కించుటకు చెప్పిన పద్ధతి యిదియే. రెండు రెండ్లు, రెండు ఒకట్లు గల నాలుగంకెల సంఖ్యలెన్ని యని అందు ప్రశ్న. అంకెలన్నియు వేఱైనచో ఇరువదినాలుగు, తుల్యాంకములగుటచే ఆఱే. రెండు తేజఃకణములను మూఁడు గడులలో పంచు లెక్కయు సరిగా నిదియే: రెండు చుక్కలు, రెండు గీతలు, విధములాఱు. క్రీ. శ. 1150 ప్రాంతపు గ్రంథమున ఈ లెక్క యుండుట సంతోషింపఁదగిన విషయమే. అయినను దీనినిబట్టి భాస్కరుఁడు తేజఃకణశాస్త్రమెఱుఁగునని చెప్పరాదు. అంకెలు తుల్యములగుట మనము వ్రాసికొన్న సంకేతముచేత. ప్రకృతిలోని వస్తువులుగూడ అట్లు తుల్యములా యను ప్రశ్న గణితమునకు సంబంధించినది కాదు.

ఇట్టి స్థితిలో బోసు రంగమున ప్రవేశించెను. ఆతఁడు 1894వ సంవత్సరము జనవరి 1వ తేదిన కలకత్తాలో జన్మించెను. అచ్చటి ప్రెసిడెన్సీ కళాశాలలో మేఘనాథ సాహాతోఁ గూడి చదివి, 1915వ సంవత్సరమున గణితమున ఎం.ఎస్‌సి. పరీక్షయందు ప్రథముఁడుగ నుత్తీర్ణుఁడయ్యెను. సాహాయు బోసును కలిసి అయిన్‌స్టయిను సాపేక్షతావ్యాసములను ఆంగ్లమునకు తెచ్చిరి. కలకత్తా విశ్వవిద్యాలయము వానిని 1920వ సంవత్సరమున ప్రకటించినది. 1921వ సంవత్సరమున ఢక్కాలో క్రొత్తగా స్థాపింపఁబడిన విశ్వవిద్యాలయమున బోసు ఉద్యోగము స్వీకరించెను. అచ్చట విద్యార్థులకు ప్లాంకు సూత్రమును బోధింపవలసి వచ్చినపుడు, గ్రంథములలోని యుపపత్తులలో నొకటియు ఆతనికి తృప్తి కలిగింపలేదు. కారణము తార్కికులు మెచ్చఁదగినది. వెలుఁగు తునకలని చెప్పుచునే, ఒక్కొక్క పౌనఃపున్యమునొద్ద ఎన్ని రీతులు కలవను సంఖ్యను మాత్రము వెలుఁగు తరంగమను పాత సిద్ధాంతమునుండి అరువు తెచ్చుచుండిరి. తాను ఖండించు మతమునుండియే హేతువును తెచ్చికొని సాధ్యమును నిలుపుట ఏ వాదమర్యాదయు అంగీకరింపదు.

ఆ యరువు తీర్చుటకే బోసు తన వ్యాసము వ్రాసెను. వెలుఁగును తరంగముగా గాక కణములతో నిండిన వాయువువలె భావించెను. కణముయొక్క స్థానమును ద్రవ్యవేగమును కలిపి యొక్క ప్రదేశముగా నెంచి, ఆ ప్రదేశమును ప్లాంకు స్థిరసంఖ్యయొక్క ఘనమంత పరిమాణముగల గడులుగా విభజించెను. గడులు లెక్కింపఁగా వచ్చిన సంఖ్యయే పాతవారు తరంగములనుండి తెచ్చిన సంఖ్య. పిమ్మట కణములను గడులలో పంచునపుడు, ఏ కణము ఏ గడిలో నున్నదని అతఁడు అడుగలేదు. కణములు లేని గడులెన్ని, ఒక్క కణముగల గడులెన్ని, రెండుగల గడులెన్ని యని మాత్రమే గణించెను. ఆ గణనమునుండి ప్లాంకు సూత్రము సహజముగ వెలువడినది.

1924వ సంవత్సరము జూను 4వ తేదిన బోసు ఆంగ్లమున వ్రాసిన యీ వ్యాసమును అయిన్‌స్టయినునకు పంపి, ప్రకటనార్హమని తోఁచినచో జర్మనుభాషకు మార్చి ఒక పత్రికలో నచ్చొత్తింపఁజేయుఁడని వినయముగ కోరెను. ముప్పదియేండ్లవాఁడు, ఎన్నఁడును చూడని మహావిద్వాంసునికి, సముద్రమునకావల, తన వ్యాసమును నీవు అనువదింపుమని వ్రాయుట సాహసమే. అయిన్‌స్టయిను స్వయముగా అనువదించెను. జులై 2వ తేదిన అది జర్మను భౌతికశాస్త్రపత్రికకు చేరి, ఆ సంవత్సరమే ప్రకటింపఁబడినది. ఇది ముఖ్యమైన పురోగమనమనియు, ఈ పద్ధతి వాయువులకుఁగూడ చెల్లుననియు, దానిని వేఱొకచోట నిరూపింతుననియు అనువాదకుఁడు చివర తన మాట చేర్చెను. తరువాత కొలఁదిదినములకే బోసు పంపిన రెండవ వ్యాసమునుగూడ అయిన్‌స్టయిను అనువదించి యచ్చొత్తింపించెను గాని, దానిక్రింద తన యసమ్మతిని స్పష్టముగ వ్రాసెను. మొదటిదానిపై మెప్పు కేవలము దాక్షిణ్యము కాదనుటకు ఇదియే నిదర్శనము.

బోసు గణనమున జరిగినదేమో శబ్దశాస్త్రమెఱిఁగినవారికి ఏకశేషముతో పోల్చి చెప్పిన సులభముగ తెలియును. తూర్పుగడి, పడమటిగడి యని రెండు గడులు, రెండు కణములు. కణములు క, ఖ యని పేరుగలవైనచో, రెండును తూర్పున, రెండును పడమట, క తూర్పున ఖ పడమట, ఖ తూర్పున క పడమట, అని యమరికలు నాలుగు. రెండును ఒకే గడిలో నుండుటకు నాలుగింట రెండు, అనఁగా సగము సంభావ్యత. బోసు లెక్కలో చివరి రెండును వేర్వేఱు కావు. ఒక గడిలో నొకటి, మఱొక గడిలో నొకటి, అంతియే. అమరికలు మూఁడు. ఒకే గడిలో రెండును చేరుటకు మూఁడింట రెండు. రామశ్చ రామశ్చ అని యుండఁగా సరూపములైన శబ్దములలో నొకటియే నిలిచి, రామౌ అను రూపము సిద్ధించినపుడు, నిలిచినది మొదటి రామశబ్దమా, రెండవదా యని యడుగుట వ్యర్థము. శబ్దముయొక్క వ్యక్తిత్వము లోపించినది, ద్విత్వము మాత్రము ప్రత్యయమున నిలిచియున్నది. తేజఃకణములును ఇట్టివే. వానికి సంఖ్య కలదు, వ్యక్తి లేదు.

ఈ యుపమానము నంతవఱకే కొనవలెను. ఏకశేషమున పోయినది శబ్దమే గాని యర్థము కాదు. రామౌ అన్నపుడు బలరామపరశురాములు ఇరువురును తమ తమ నాఁగలి గొడ్డళ్లతో ఎప్పటివలె వేర్వేఱుగా నుందురు. బోసు గణనమున పోయినది వస్తువులోని భేదమే. మహాభాష్యమున ఏకశేషసూత్రముకడనే శబ్దమునకు ఆకృతి యర్థమని వాజప్యాయనుఁడును, ద్రవ్యమర్థమని వ్యాడియు చేసిన వాదము చర్చింపఁబడినది. ద్రవ్యవాదికి ఒక్కొక్క వ్యక్తికి ఒక్కొక్క శబ్దము కావలెను గావున ఏకశేషముతో పని కలిగినది. ఆకృతివాదికి ఆ సూత్రమే యక్కఱలేదు. తేజఃకణములు వాజప్యాయనుని పక్షమున నున్నవని తోఁచును. కాని ఆయనగూడ వ్యక్తులు లేవని చెప్పలేదు, శబ్దమునకు వాచ్యము కావని మాత్రమే చెప్పెను.

ఇచ్చట వైశేషికపక్షమున ఒక ప్రత్యుత్తరము సంభవించును. మన కంటికి భేదము కనఁబడకపోవచ్చును, యోగికి కనఁబడును, కావున బోసు లెక్క మన యజ్ఞానమును మాత్రమే తెలుపునని. ఈ సమాధానము చూడ సొంపుగా నున్నను నిలువదు. భేదము కలదేని, అది మనకు తెలిసినను తెలియకున్నను అమరికలు నాలుగే, ప్రతి యమరికకును సమానస్థానమిచ్చుట న్యాయమే. అప్పుడు కొలిమిలోని వెలుఁగు వీను సూత్రమును అనుసరింపవలెను. అనుసరించుట లేదు. కొలిమియే సాక్షి. అమరికలకు వేర్వేఱు బరువు లిచ్చి భేదమును దాఁచియుంచఁజూచిన తాత్త్వికులును పాశ్చాత్యులలో కలరు. అట్టి భేదము తనకు విధింపఁబడిన పని చేయదు. వేఱుచేయుటకే పుట్టిన విశేషము వేఱుచేయక యూరకున్నచో, దానిని పదార్థముగ నంగీకరించుట గౌరవమే యగును.

ఈ గౌరవము తర్కపరిభాషలోని దోషార్థకమైన గౌరవము. పాఠశాలలలో నీ మాటకు మర్యాదయను నర్థము మాత్రమే తెలిసియున్న కాలమిది గావున చెప్పవలసి వచ్చినది.

ఇంకను లోఁతైన విరోధమొకటి సంఖ్యయందు కలదు. వైశేషికమతమున ద్విత్వము అపేక్షాబుద్ధివలన పుట్టును. ఇది యొకటి, ఇది యొకటి యని వేర్వేఱుగ నొక్కొక్కదానిని గ్రహించిన తరువాతనే రెండను సంఖ్య యుదయించును. తేజఃకణములను ఇది, ఇది యని చూపుటకు వీలు లేదు. అయినను వాని సంఖ్య నిర్ణీతమే. ఎట్లనఁగా, ఒకే పౌనఃపున్యముగల వెలుఁగులోని మొత్తముశక్తిని ఒక్క కణపుశక్తిచే భాగించినచో సంఖ్య వచ్చును. ఇది వ్రేళ్లు మడచి యెన్నుటకాదు, తూఁచి యెన్నుట. ఒకటిని తెలియకయే రెండును తెలియుట సాధ్యమని ప్రశస్తపాదుఁడు ఒప్పుకొనఁడు. ఐరోపాలో లైబ్నిట్సు, అన్నివిధముల సమానములైనవి రెండుండజాలవు, ఒకటియే యగునని వాదించెను. అతనికిని ఈ కణములు ప్రతికూలములే. సర్వసమానములైనవి రెండుండవచ్చునని వైశేషికులు తలఁచి, ఆ రెండును నిలుచుటకు విశేషమను నాధారము కల్పించిరి. లైబ్నిట్సు రెండుండుటనే త్రోసివేసెను. తేజఃకణములు విశేషము లేకయే రెండుగ నున్నవి.

ఇంత సంగతియు బోసు వ్యాసమున వ్రాయఁబడి యున్నదా? లేదు. కణములు పరస్పరభిన్నములు కావను వాక్యము అందెక్కడను లేదు. తాను చేసినది క్రొత్తయని అప్పుడు తనకు తోఁపలేదని ఆయనయే తరువాతి కాలమున చెప్పెను. దాని యర్థమును బహిరంగపఱచినవాఁడు అయిన్‌స్టయిను. 1925వ సంవత్సరము జనవరి 8వ తేదిన ప్రష్యా విద్వత్పరిషత్తునకు సమర్పించిన వ్యాసమున, ఈ గణనమున కణములు పరస్పరనిరపేక్షములుగ తీసికొనఁబడలేదని ఎరెన్‌ఫెస్టు మొదలగువారు చేసిన యాక్షేపమును ఒప్పుకొని, పాత గణనమును క్రొత్త గణనమును ఎదురెదురుగ నుంచి చూపెను. దీనినిబట్టి కొందఱు బోసునకు కీర్తి యదృష్టవశమున వచ్చినదందురు. అది యన్యాయము. నాటన్సను భేదరాహిత్యమును చూచెను, కాని దానితో సూత్రమును సాధింపలేదు. అయిన్‌స్టయిను తేజఃకణమును చూచెను, కాని పందొమ్మిదేండ్లు దానిని సరిగా లెక్కింపలేకపోయెను. సూత్రమును పరాధీనత లేక సాధించినవాఁడు బోసు. ప్రయోగమునకు లక్షణము తరువాత వచ్చుట శబ్దశాస్త్రమున దోషము కానట్లే ఇచ్చటను దోషము కాదు.

బోసు వ్యాసమున వివరణ లేక మిగిలిన యంశ మింకొకటి కలదు. గడులసంఖ్యను అతఁడు రెండుచే గుణించెను. వెలుఁగునకు ధ్రువణము రెండువిధములు గావున రెండింతలు చేయవలెనని అచ్చులో నున్నది. వెలుఁగుకణమునకు తన గమనరేఖ చుట్టును ఇటో అటో ఆత్మభ్రమణము కలదని బోసు భావించెననియు, ఈ మాట ఆయనవలననే తమకు తెలిసినదనియు 1931వ సంవత్సరమున ఒక వ్యాసమున వ్రాసినవారు చంద్రశేఖర వేంకటరామనును, సూరి భగవంతమును. అణువులచేత చెదరిన వెలుఁగును పరీక్షించి, వెలుఁగుకణమునకు ఆ భ్రమణము కలదని వారు కలకత్తానుండి ప్రకటించిరి. భగవంతము 1909వ సంవత్సరమున కృష్ణామండలమున జన్మించిన తెలుఁగువాఁడు. తరువాత వాల్తేరున ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు భౌతికశాస్త్రమును బోధించెను.

అయిన్‌స్టయిను మాట యిచ్చినట్లే బోసు గణనమును ద్రవ్యపరమాణువులకు వర్తింపఁజేసెను. రెండు కణములు ఒకే గడిలో చేరుటకు సగముకన్న హెచ్చు సంభావ్యత కలదని పైని చూడఁబడినది. కణములు లక్షలై, శీతలత మిక్కుటమైనచో, ఈ చేరిక ప్రబలమై అన్నియు అత్యల్పశక్తిగల యొకే స్థితిలోనికి దిగునని ఆతఁడు లెక్కకట్టి చెప్పెను. ద్రవహీలియము పరమశూన్యోష్ణోగ్రతకు పైని 2.17 డిగ్రీలలోపున జిగురు లేక ప్రవహించుటను 1938వ సంవత్సరమున కపిత్సాయు, ఆలెను మైసెనరులును ప్రకటింపఁగా, దానికి ఈ సంఘననమే కారణమని లండను అను విద్వాంసుఁడు ఆ యేఁటనే ఊహించెను. వాయువునందు దీనిని ప్రత్యక్షముగ చూచుటకు మఱి యేఁబదియేడేండ్లు పట్టినది. 1995వ సంవత్సరము జూను 5వ తేదిన అమెరికాలోని బౌల్డరు నగరమున కార్నెలు, వీమను అనువారు సుమారు రెండువేల రుబీడియ పరమాణువులను, ఒక డిగ్రీలో కోటవవంతునకు రెట్టింపుకన్న తక్కువయగు వేఁడిమికి దించి, ఆ స్థితిని సాధించిరి. వారికిని, సోడియముతో సాధించిన కెటర్లెకును 2001వ సంవత్సరమున నోబెలు బహుమానము వచ్చినది. అప్పటికి బోసు మరణించి యిరువదియేడేండ్లు. ఆయన 1974వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదిన కలకత్తాలో కాలధర్మము నొందెను. నోబెలు బహుమానము ఆయనకు రాలేదు.

కణములన్నియు ఇట్లు గుమికూడునవి కావు. ఎలక్ట్రానులు మొదలగువానిలో ఒక స్థితిలో ఒకటికన్న నెక్కువ నిలువదని 1925వ సంవత్సరమున పౌలి నియమము చేసెను. వాని గణనమును 1926వ సంవత్సరమున ఫెర్మియు, డిరాకును వేర్వేఱుగ నిర్ణయించిరి. రెండు గడులు, రెండు కణముల దృష్టాంతమున వీనికి అమరిక యొక్కటియే: గడికొకటి. తేజఃకణములు ఒకే పంక్తిని కోరునవి, ఎలక్ట్రానులు మడి గట్టుకొన్నవి. అయినను విశేషరాహిత్యము రెండింటికిని సమానమే. క తూర్పున, ఖ పడమట అనుటకును, ఖ తూర్పున, క పడమట అనుటకును ఇచ్చటను భేదము లేదు. మడి గట్టినవి సరిసంఖ్యలో సమాసమైనచో, ఆ సమాసము బోసు గణనమును అనుసరించును. బౌల్డరునందలి రుబీడియపరమాణువున ఎలక్ట్రానులు 37, ప్రోటానులు 37, న్యూట్రానులు 50, వెరసి 124. కావుననే అవి గుమికూడఁగలిగినవి. అవయవధర్మము అవయవికి సంక్రమించుటను గూర్చి కారణగుణవాదము చేయు తార్కికులు ఈ దృష్టాంతమును ఆలోచింపఁదగును. ఏ యవయవమునందును లేని స్వభావము అవయవియందు కేవలము సంఖ్యయొక్క సరితనముచే కలుగుచున్నది.

కావున వైశేషికమున నేఁటి పరమాణుశాస్త్రమున్నదనుట సాహసము. నేఁటి శాస్త్రమున పరమాణువని వ్యవహరింపఁబడునది నిరవయవము కాదు, నిత్యము కాదు; తెలుఁగున ఆ పేరు నిలిచిపోయినది గావున వాడుచున్నాము గాని, అర్థము వేఱు. నిరవయవములని యిప్పుడు తలఁపఁబడుచున్న ఎలక్ట్రానులకును తేజఃకణములకును విశేషములు లేవు. అయినను సజాతీయములై నిరవయవములైన రెండింటికి భేదకమేమి యను ప్రశ్నను ఇంత సూటిగా వేసి, దానికొక పదార్థమునే కేటాయించి, శతాబ్దములతరబడి ఖండనమండనములు నడపిన శాస్త్రమును, సమాధానము విరుద్ధమైనదని త్రోసివేయుటయు అవివేకమే. గడికొకటియా, గుమియా యని యెంచునపుడు పాశ్చాత్యులు ఇరువదవ శతాబ్దమున తడవి తడవి పట్టుకొన్న చిక్కు, ఇచ్చటి బాలురు తర్కసంగ్రహమునందే యెఱిఁగినది.

కడపట పేరును గూర్చి యొక మాట. బోసు గణనము ననుసరించు కణములకు బోసానులని, రెండవ తెగకు ఫెర్మియానులని 1945వ సంవత్సరమున డిరాకు పేరు పెట్టెను. వ్యక్తిత్వమే లేని కణములకు వ్యక్తినామము కలుగుట విచిత్రము. వంగభాషలో బోసు అనునది సంస్కృతమున వసుశబ్దమే. దానికి అపత్యార్థమున తద్ధితము చేసినచో వాసవ యని రూపము వచ్చును, అది దేవేంద్రునికి రూఢమై యున్నది. గావున సంస్కృతీకరింపఁబూనువారు ఆ దారి మానుటయే మేలు. మాతృభాషలో శాస్త్రము చెప్పవలెనని బోసు జీవితాంతము పట్టుపట్టినవాఁడు. రవీంద్రుఁడు 1937వ సంవత్సరమున వంగభాషలో వ్రాసిన విశ్వపరిచయమను శాస్త్రగ్రంథమును ఆయనకే యంకితము చేసెను. 1948వ సంవత్సరమున బోసు వంగీయ విజ్ఞానపరిషత్తును స్థాపించి, జ్ఞాన్ ఓ విజ్ఞాన్ అను మాసపత్రికను నడపెను. తెలుఁగున పారిభాషికపదములు కూర్చువారు బోసాను, ఫెర్మియాను అను మాటలను ఉన్నవి యున్నట్లు గ్రహించి, రెండు తెగలకును సామాన్యమగు పేరు కావలసినచోట అవిశేషకణములని వాడవచ్చును.